పెద్దరోగం నుంచి ఎయిడ్స్ దాకా: చంద్రపూర్ సీమలో వెలి చరిత్ర



మన పెద్దవాళ్ళు కుష్ఠువ్యాధిని ఆ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పెద్దరోగం అనేవారు. వార్ధా నది దాటి చంద్రపూర్ వైపు వెళితే మరాఠీవాళ్ళు దాన్నే మహారోగ్ అంటారు. భాషలు రెండైనా మాట ఒక్కటే చూడండి. మశూచి వస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి చేతులు జోడించిన మనుషులే, పెద్దరోగం పేరు వినగానే తలుపు వేసుకునేవారు. ఒక రోగానికేమో దేవత, ఇంకో రోగానికేమో పూర్వజన్మ పాపం.

మచ్చ అన్న మాట ఇంకొకటి ఉంది. కుష్ఠు మొదట ఒంటిమీద మచ్చగానే కనిపిస్తుంది. పాలిపోయినట్టో, కాస్త ఎర్రబారినట్టో ఉంటుంది. గిచ్చినా, సూదితో పొడిచినా తెలియదు. వంశానికి మచ్చ, పేరుకు మచ్చ అని మనం అనేదీ ఆ మాటతోనే. ఇంగ్లీషువాళ్ళ స్టిగ్మా అన్న మాటకు మూలం గ్రీకు భాషలో ఉంది. బానిసలకు, నేరస్థులకు ఒంటిమీద వేసే గుర్తు అని దాని అర్థం. 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త ఆ పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. అప్పటినుంచి పరిశోధకులకు అది వాడుక మాట అయిపోయింది. ఇవాళ హెచ్.ఐ.వి. గురించి ఏ దేశంలో ఏ కాలేజీ విద్యార్థి పరిశోధన మొదలుపెట్టినా ఆ మాట దగ్గరికి రాక తప్పడం లేదు.

అయితే హెచ్.ఐ.వి. సోకినంత మాత్రాన ఒంటిమీద మచ్చేమీ రాదు. ఏళ్ళ తరబడి మనిషి మామూలుగానే ఉంటాడు. మరి ఆ వ్యాధికి అంత పెద్ద మచ్చ ఎక్కడినుంచి వచ్చింది? పెద్దరోగం దగ్గర అరువు తెచ్చుకున్నదని నా అభిప్రాయం. మాటలు, భయాలు, చివరికి చట్టాలు కూడా అక్కడినుంచి వచ్చినవే. ఆ సంగతి చెప్పుకోవడానికి చంద్రపూర్ జిల్లాను మించిన చోటు లేదు. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

ముందు చట్టం సంగతి. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం అని ఒకటి చేసింది. వీధిలో అడుక్కునే కుష్ఠురోగిని, జీవనాధారం లేని కుష్ఠురోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకుపోయి ఆశ్రమంలో వేయవచ్చు. అంతటితో అయిపోలేదు. ప్రభుత్వం ఒక ప్రాంతంలో ఉత్తర్వు ఇచ్చిందంటే, అక్కడ కుష్ఠురోగి తినే వస్తువులు తయారుచేసి అమ్మకూడదు, ఊరుమ్మడి బావిలో నీళ్ళు తోడకూడదు, చెరువులో స్నానం చేయకూడదు, అద్దె బండి ఎక్కకూడదు. రైలుబండికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. బావి, అంగడి, బండి: ఈ మూడూ మూసేస్తే పల్లెటూళ్ళో మనిషికి మిగిలేదేమిటి? ఊరి కట్టుబాటు అంతకుముందే చేస్తున్న పనికి ఈ చట్టం సర్కారు ముద్ర వేసింది.

బావి దగ్గర దూరంగా నిలబెట్టడమంటే ఏమిటో చంద్రపూర్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్న డాక్టర్ అంబేద్కర్, రెండు రోజుల తర్వాత 16వ తేదీన ఇక్కడికే వచ్చి వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. వెలివేయడాన్ని మరాఠీలో వాళీత్ టాకణే అంటారు. సాంఘిక బహిష్కారాన్ని నేరంగా ప్రకటిస్తూ మహారాష్ట్ర శాసనసభ 2016లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ అలవాటు వేళ్ళు ఎంత లోతున ఉన్నాయో ఆలోచించండి. రోగానికి వెలి అన్నది మన సమాజానికి కొత్త విద్య కాదు, పాత చేతివాటమే.

కుష్ఠురోగులను చేరదీసినవాళ్ళు కూడా మన చుట్టుపక్కల అప్పటికే ఉన్నారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త 1915లో కుష్ఠు ఆస్పత్రి పెట్టారు. ఆ ప్రాంతపు ధనికుడు రాజా నర్సాగౌడ్ అందుకు విరాళమిచ్చారు. వార్ధా దగ్గర దత్తపూర్‌లో 1936లో మనోహర్ దివాణ్ కుష్ఠురోగుల ఆశ్రమం ఆరంభించారు. సేవాగ్రామ్‌లో పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుడికి ఈ వ్యాధి వస్తే గాంధీజీ తన కుటీరం పక్కనే చోటిచ్చి, స్వయంగా ఒళ్ళు మర్దనా చేశారు. ఇవన్నీ గొప్ప పనులే. కాని ఊరి బజారు వీటిలో ఎక్కడా కనిపించదు. రోగిని ఆదరించినవాళ్ళు మహాత్ములు, బజారు మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది. బజారు కదిలింది వరోరాలో.

వరోరా మీకు తెలిసిన ఊరే. నాగపూర్ నుంచి చంద్రపూర్ వచ్చే దారిలో తగులుతుంది. 1940లలో అక్కడ మురళీధర్ దేవిదాస్ ఆమ్టే అనే వకీలు ఉండేవారు. బాబా ఆమ్టే అంటే అందరికీ తెలుస్తుంది. 1914 డిసెంబరు 26న హింగన్‌ఘాట్‌లో కలవారి ఇంట పుట్టిన మనిషి. వరోరా పురపాలక సంఘంలో పనిచేస్తూ, పాకీవాళ్ళ పక్షాన నిలబడి, వాళ్ళతో పాటు మలం ఎత్తినవాడు. అంతటి ధైర్యశాలి ఒక వానపూట కాలువ పక్కన చావుకు దగ్గరగా పడివున్న ఒక కుష్ఠురోగిని చూసి భయపడి పారిపోయారు. ఆ రోగి పేరు తుల్షీరామ్. వేళ్ళు లేవు, పుళ్ళలో పురుగులు పట్టాయి. ఇంటికి పోయాక బాబాకు ఆ భయమే పెద్ద అవమానం అనిపించింది. తిరిగి వచ్చి తుల్షీరామ్‌కు చివరిదాకా సేవ చేశారు. ఈ సంగతి ఆయనే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. నా దృష్టిలో ఇందులో ముఖ్యమైనది ఆ సేవ కన్నా ఆ పరుగు. భయపడ్డానని ఒప్పుకున్నవాడే భయం ఎలా పనిచేస్తుందో తెలుసుకోగలుగుతాడు.

తర్వాత ఆయన కలకత్తా ఉష్ణమండల వ్యాధుల విద్యాలయంలో కుష్ఠు చికిత్స నేర్చుకున్నారు. ప్రయోగం కోసం ఆ సూక్ష్మజీవులను తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. ఆయనకు రోగం రాలేదు. వరోరా దగ్గర ప్రభుత్వం రాళ్ళూ ముళ్ళపొదలూ నిండిన 50 ఎకరాల బీడు ఇచ్చింది. మహారోగి సేవా సమితి పేరుతో పని మొదలైంది. ఆరుగురు రోగులు, భార్య సాధనాతాయి, ఇద్దరు పసిపిల్లలు, ఒక కుంటి ఆవు, ఒక కుక్క, చేతిలో 14 రూపాయలు. దాని పేరు ఆనంద్‌వన్. 1951 జూన్‌లో దాన్ని ప్రారంభించింది ఎవరో తెలుసా? వినోబా భావే. అదే సంవత్సరం ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టి, తెలంగాణ పల్లెలన్నీ కాలినడకన తిరిగి, పౌనార్ ఆశ్రమానికి మళ్ళుతూ ఆయన ఈ దారినే వెళ్ళారు. తెలుగు నేలమీద భూమి అడిగిన మనిషే వరోరాలో ఈ బీడుభూమిని ఆశీర్వదించాడన్నమాట.

బావులు తవ్వారు, బీడు దున్నారు. వేళ్ళు లేని చేతులతోనే దున్నారు. కొన్నాళ్ళకు కూరగాయలు పండాయి. పండిన కూరగాయలను వరోరా బజారుకు తీసుకువెళితే కొనేవాడు లేడు. మహారోగుల చేతి వంకాయ ఎవరు తింటారు? అప్పటికే డాప్సోన్ అనే మందు వచ్చింది. రోగం నయమవుతుందని వైద్యులు చెబుతున్నారు. అయినా వంకాయ అమ్ముడుపోలేదు. మందు రోగికి పనిచేస్తుందిగాని బజారుకు పనిచేయదు, ఈ మాట గుర్తుంచుకోండి, ఎయిడ్స్ దగ్గర మళ్ళీ దీనితో పని పడుతుంది.

1950లలో అంతర్జాతీయ స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున రకరకాల దేశాల యువతీ యువకులు ఆనంద్‌వన్‌కు వచ్చారు. రోగులతో కలిసి ఇటుకలు మోశారు, గోడలు కట్టారు, అక్కడ పండిందే తిన్నారు. వాళ్ళు తింటున్నారన్న కబురు ఊళ్ళోకి పాకింది. మెల్లగా బజారులో బేరాలు మొదలయ్యాయి. ఇది మెచ్చుకోవలసిన సంగతే అయినా, నాకు కొంచెం నవ్వు కూడా వస్తుంది. పక్కింటి మనిషి తింటే నమ్మలేదు, సముద్రాలు దాటి వచ్చినవాడు తింటే నమ్మారు.

1964లో వరోరాలో ఆనంద్ నికేతన్ కాలేజీ వచ్చింది. ఆ కాలేజీని కట్టిన చేతులు కుష్ఠు నయమైనవాళ్ళవి, అందులో చదువుకున్నది ఊళ్ళో ఆరోగ్యవంతుల పిల్లలు. ఏ చేతినుంచి వంకాయ కొననన్నారో ఆ చేతులు కట్టిన గదుల్లో పిల్లలు కూర్చుని పాఠాలు విన్నారు. బాబా ఆమ్టే చేసిన పనులన్నిటిలో ఇది చాలా తెలివైన పని అని నాకు తోస్తుంది. వెలికి విరుగుడు ఉపన్యాసం చెప్పడం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం అని ఆయన పసిగట్టారు.

ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. ఆనంద్‌వన్ ఎంత గొప్పదైనా అది ఊరికి అవతల వెలసిన ఊరే. నయమైనవాళ్ళలో చాలామంది తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళలేకపోయారు. అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అక్కడే ముసలివాళ్ళయ్యారు. బజారు తలుపు తెరుచుకుంది, పుట్టింటి తలుపు చాలామందికి తెరుచుకోలేదు. కుష్ఠును భార్యాభర్తలు విడిపోవడానికి కారణంగా చూపించవచ్చు అన్న నిబంధన మన వివాహ చట్టాల్లో 2019 దాకా ఉంది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని పార్లమెంటు 2016లో రద్దు చేసింది. బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో కుష్ఠు పూర్తిగా నయమవుతుందని 1980ల నుంచి తెలిసిన విషయమే. చట్టం పుస్తకాలకు ఆ కబురు చేరడానికి ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టింది.

ఇప్పుడు చంద్రపూర్ నుంచి మద్రాసుకు పోదాం. మన బల్లార్షా స్టేషను మీదుగా రోజూ రైళ్ళు వెళ్ళే ఊరే గదా. 1985 చివర్లో మద్రాసు మెడికల్ కాలేజీలో సెల్లప్పన్ నిర్మల అనే 32 ఏళ్ళ విద్యార్థిని సూక్ష్మజీవ శాస్త్రంలో పై చదువు చదువుతున్నారు. పరిశోధన వ్యాసానికి ఏదో ఒక అంశం కావాలి. ప్రొఫెసర్ సునీతి సోలమన్ ఆమెకు ఎయిడ్స్ అంశం ఇచ్చారు. సునీతి గారు మద్రాసులో స్థిరపడిన గాయతోండే అనే మహారాష్ట్ర కుటుంబంలో పుట్టినావిడ. అప్పటికి మన దేశంలో ఒక్క కేసూ బయటపడలేదు. ఎయిడ్స్ పడమటి దేశాల విచ్చలవిడితనానికి వచ్చిన రోగం, కట్టుబాటున్న మన సమాజానికి అది రాదు అని పత్రికలు కూడా రాస్తున్న రోజులు. బొంబాయి నుంచి పూణె ప్రయోగశాలకు పంపిన నమూనాల్లో ఏమీ దొరకలేదు.

నిర్మల చిన్న ఊరినుంచి వచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలను ఎక్కడ వెతకాలో ఆమెకు తెలియదు. జనరల్ ఆస్పత్రి సుఖవ్యాధుల వార్డులో ఇద్దరు ముగ్గురితో స్నేహం చేసుకున్నారు. వాళ్ళ చీటీల మీద చిరునామా చోట పోలీసులు పట్టుకువచ్చిన స్త్రీలను ఉంచే ప్రభుత్వ గృహం పేరు కనిపించింది. ఇక రోజూ భర్త స్కూటరు మీద అక్కడికి వెళ్ళి మూడు నెలల్లో 80 రక్త నమూనాలు సేకరించారు. చేతులకు తొడుగుల్లేవు. నమూనాలు పెట్టుకోవడానికి సరైన చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. 1986 ఫిబ్రవరిలో మంచుపెట్టెలో వాటిని సర్దుకుని భార్యాభర్తలిద్దరూ రాత్రి రైల్లో కాట్పాడికి వెళ్ళి, అక్కడినుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చేరారు. పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. మళ్ళీ రక్తం తీసి అమెరికాలో పరీక్ష చేయించినా అదే ఫలితం. మే నెలలో తమిళనాడు ఆరోగ్యమంత్రి హండే శాసనసభలో ఈ సంగతి ప్రకటించారు. దేశం మొదట నమ్మలేదు, తర్వాత హడలిపోయింది.

ఒక విద్యార్థి పరిశోధన దేశం కళ్ళు తెరిపించింది. అందుకు నిర్మల గారికి ఎంత కీర్తి ఇచ్చినా తక్కువే. ఆమె 1987లో వ్యాసం సమర్పించి, తర్వాత మద్రాసు కింగ్ సంస్థలో పనిచేసి 2010లో పదవీ విరమణ చేశారు. సునీతి సోలమన్ 1993లో హెచ్.ఐ.వి. రోగులకోసం ప్రత్యేక సంస్థ స్థాపించి, 2015లో కన్నుమూసేవరకూ అదే పనిలో ఉన్నారు. అయితే చరిత్ర చెప్పుకునేటప్పుడు రెండో పక్క కూడా చూడాలి గదా. రక్తం ఇచ్చిన ఆ స్త్రీలకు అది దేనికోసం తీస్తున్నారో చెప్పలేదు. ఆ కాలపు పద్ధతి అలాంటిది, ఒక్కరి తప్పు అని చెప్పలేం. ఆ తర్వాత అలాంటి గృహంలో హెచ్.ఐ.వి. ఉందని తేలిన స్త్రీలను శిక్షాకాలం ముగిసినా బయటికి వదలలేదు. పత్రికా రచయిత్రి శ్యామలా నటరాజ్ హైకోర్టుకు వెళ్ళాక, 1990లో విడుదలయ్యారు. వారంటు లేకుండా పట్టుకుపోయి ఆశ్రమంలో వేసే 1898 నాటి బుద్ధికీ దీనికీ తేడా ఏముంది? రోగం పేరు ఒక్కటే మారింది.

గోవాలో ఇంకా స్పష్టంగా జరిగింది. అక్కడ హెచ్.ఐ.వి. ఉన్నవారిని నిర్బంధంలో పెట్టడానికి చట్టమే చేశారు. డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేసేవాడు. 1989లో ఆ రక్తంలో హెచ్.ఐ.వి. కనిపించిందని పోలీసులు పట్టుకుపోయి 64 రోజులు ఒంటరిగా బంధించారు. అతని తల్లి బొంబాయి హైకోర్టుకు వెళితే కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1992లో డొమినిక్ మరణించాడు. 1997లో అదే బొంబాయి హైకోర్టు ఇంకో కేసులో, హెచ్.ఐ.వి. ఉందన్న ఒక్క కారణంతో పనిచేయగల కూలిమనిషిని పనిలోనుంచి తీసేయకూడదని తీర్పు చెప్పింది. మన నాగపూర్ బెంచి కూడా ఆ హైకోర్టులో భాగమే. ఎనిమిదేళ్ళలో న్యాయస్థానం చాలా దూరం నడిచింది. ఊళ్ళు అంత వేగంగా నడవలేదు.

ఊళ్ళు ఎందుకు నడవలేదంటే, అసలు ఈ విషయం నోట రాదు గనుక. సుఖవ్యాధి అని మనం, గుప్తరోగ్ అని మరాఠీవాళ్ళు. మనం దానికి సుఖం అని పేరు పెట్టాం, వాళ్ళు రహస్యం అని పెట్టారు. 1982 దాకా చంద్రపూర్‌లో భాగమైన గడ్చిరోలిలో డాక్టరు రాణీ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించారు. ఆ ఫలితాలు 1989లో లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో అచ్చయ్యాయి. వందకు 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన లేదా లైంగిక వ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారు వందకు 8 మంది. అది ఎయిడ్స్ పరిశోధన కాదు. కాని ఈ అడవి పల్లెల్లో నోరు మూసుకుని భరించే అలవాటు ఎంత బలమైనదో లెక్కగట్టి చూపించింది. హెచ్.ఐ.వి. అడుగుపెట్టేనాటికి మన సీమ ఇలా ఉంది.

ఆ మౌనాన్ని పగలగొట్టాలని సర్కారు వాళ్ళు గోడల కెక్కారు. పులిరాజా మీకు గుర్తుండే ఉంటాడు. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ చూసినా పెద్ద పెద్ద బోర్డులు. దానికి మూలం ముంబై. 2002 చివర్లో అక్కడ బల్బీర్ పాషా పేరుతో ఇదే ప్రశ్న వేశారు. మహారాష్ట్రలో పుట్టిన పాషా తెలుగులోకి వచ్చి పులిరాజా అయ్యాడు. జనం నవ్వుకున్నారు, పిల్లలు పాటలు కట్టారు, కండోమ్ అన్న మాట నోటికి వచ్చింది. అంతవరకు మేలే జరిగింది. కాని ఆ బోర్డులో ఎయిడ్స్ అనేది తిరుగుబోతుకు వచ్చే రోగం. భర్తవల్ల సోకిన భార్య ఆ బొమ్మలో ఎక్కడుంది? తల్లి కడుపులో సోకిన బిడ్డ ఎక్కడుంది? ఒకపక్క జాగ్రత్త నేర్పుతూ ఇంకోపక్క మచ్చను ముదరబెట్టారని నాకనిపిస్తుంది.

ఆ భార్యల సంగతి లోకానికి చెప్పింది సామాజిక పరిశోధకులు. ముంబై టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన షాలినీ భరత్, ముంబై బెంగుళూరు నగరాల్లో జరిపిన అధ్యయనాన్ని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2001లో ప్రచురించింది. భర్తకు రోగం వస్తే అత్తింటివాళ్ళు కోడలినే నిందించడం, భర్త పోయాక ఆమెను ఇంట్లోనుంచి పంపేయడం అందులో పదే పదే కనిపించాయి. ఆమెతో కలిసి మరికొందరు పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో ఆసక్తికరమైన విషయం బయటపడింది. చాలామంది రోగులకు ప్రత్యక్షంగా జరిగిన అవమానాలు మనం అనుకునేటంత ఎక్కువ కాదు. కాని ఫలానా ఊళ్ళో ఫలానావాణ్ణి ఇలా చేశారట అని విన్న కథలు వాళ్ళను బాగా కుంగదీశాయి. ఆ కథలు విని, తమకూ అలాగే జరుగుతుందని భయపడి, విషయం దాచుకున్నారు. అంటే రచ్చబండ దగ్గర మనం కాలక్షేపానికి చెప్పుకునే కబురు, పక్కన మాట్లాడకుండా కూర్చున్న ఒక మనిషిని ఆస్పత్రికి వెళ్ళనివ్వకుండా ఆపగలదు.

ఇక్కడ అమెరికా సంగతి ఒక్కటి చెబుతాను, మనకు దగ్గరగా ఉంటుంది. అక్కడ స్పానిష్ మాట్లాడే కుటుంబాలను లాటినోలంటారు. దేశ జనాభాలో వాళ్ళు దాదాపు అయిదోవంతు. కొత్తగా బయటపడే హెచ్.ఐ.వి. కేసుల్లో మాత్రం దాదాపు మూడోవంతు వాళ్ళవే. అక్కడి కాలేజీల్లో ఆ కుటుంబాల పిల్లలే కొందరు ఈ విషయం మీద పరిశోధన చేస్తున్నారు. కారణాలు వెతికితే ఇంటి పరువు, మగతనం గురించిన పట్టింపులు, వలసవచ్చినవాడి భయం, ఆస్పత్రి భాష రాకపోవడం కనిపించాయి. డాక్టరు దగ్గరికి చుట్టాన్నో, కొడుకునో దుబాసీగా తీసుకువెళ్ళాలి. ఇక రహస్యం ఎక్కడ నిలుస్తుంది?

రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ తెలుగువారికి ఈ మాట వేరే వివరించాలా? రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడ్‌లో కలిపారు, 1959లో చాందాకు మార్చారు. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, వాళ్ళ ఆస్పత్రి భాష మారిపోయింది. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలదీ ఇదే స్థితి. బజారు మరాఠీ అందరికీ వస్తుంది. కాని ఒంట్లోని గుట్టు, పడకగది సంగతి, భార్యకు ఎలా చెప్పాలన్న బెంగ, ఇవి బజారు మరాఠీలో చెప్పుకోగలమా? అందుకని తోడు ఒకరు కావాలి. ఆ తోడు మనవాడే అయివుంటాడు, మన వాడకట్టు మనిషే అయివుంటాడు. అందుకే దగ్గరలో మందు దొరుకుతున్నా, తమనెవరూ గుర్తుపట్టని దూరపు కేంద్రానికి రైలెక్కి వెళ్ళేవాళ్ళు మన దేశంలో ప్రతి చోటా ఉన్నారు. ఒక్కనెల రైలు ఖర్చుకు డబ్బు లేకపోతే ఆ నెల మందు ఆగిపోతుంది.

ఆగిపోకూడని మందు అది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తోంది. రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి నిలిచినవారినుంచి లైంగిక సంబంధం వల్ల ఇంకొకరికి సోకదని పెద్ద పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. గర్భిణికి సకాలంలో మందు ఇస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. కలిసి తిన్నందువల్ల, ఒకే గ్లాసులో నీళ్ళు తాగినందువల్ల, దోమ కుట్టినందువల్ల ఇది రాదు. 2021 అంచనాల ప్రకారం మహారాష్ట్రలో సుమారు 3 లక్షల 90 వేలమంది, ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షల 20 వేలమంది, తెలంగాణలో లక్షా 50 వేలకు పైగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వీళ్ళకోసం ఊరి అవతల ఆనంద్‌వన్ వంటి ఊరు కట్టలేదు, కట్టనక్కరా లేదు. వాళ్ళు ఉండవలసింది వాళ్ళ ఇళ్ళలోనే. కాబట్టి కుష్ఠు రోజుల్లో తేలకుండా మిగిలిపోయిన పుట్టింటి తలుపు ప్రశ్న ఇప్పుడు తప్పించుకోవడానికి వీల్లేకుండా ఎదురైంది.

చట్టం ఆ తలుపు దగ్గరికి వచ్చింది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు. కుటుంబంతో కలిసి ఉంటున్న ఇంట్లోనే నివసించే హక్కు గురించి కూడా ఆ చట్టం చెప్పింది. వందమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. మన గనులూ మిల్లులూ ఆ లెక్కలోకి వచ్చేవే.

చివరిగా, ఈ ప్రసంగం వింటున్న డిగ్రీ విద్యార్థులతో ఒక మాట. 2011లో గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ రెండు జిల్లాల కాలేజీలూ దానికిందికే వచ్చాయి. ప్రాజెక్టు పనికి అంశం వెతుక్కునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మీలో ఎవరైనా ఈ విషయం తీసుకుంటే, నిర్మల గారికి దొరకని సదుపాయం మీకొకటి ఉంది. మీకు తెలుగూ వచ్చు, మరాఠీ వచ్చు. అడగవలసినవి రక్త నమూనాలు కావు. పెద్దరోగం గురించి మీ నాయనమ్మ ఏమి విన్నది? వరోరా బజారులో ఆనంద్‌వన్ కూరగాయలు మొదట కొన్న ఇల్లు ఏది, ఎందుకు కొన్నారు? ఆస్పత్రిలో తెలుగు మనిషికి దుబాసీగా ఎవరు వెళుతున్నారు, ఆ దుబాసీ తర్వాత ఏం చేస్తున్నాడు? అడిగేముందు ఎందుకు అడుగుతున్నారో ఎదుటి మనిషికి వాళ్ళ భాషలో చెప్పండి. వద్దంటే ఊరుకోండి. పేర్లు రాసుకోకండి.

హెచ్.ఐ.వి. గురించి ఏ సందేహం ఉన్నా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ టెలిఫోను నంబరు 1097. డబ్బు కట్టనక్కరలేదు, పేరు చెప్పనక్కరలేదు.